ఆకలికి అర్హతా పత్రము

అన్నము పెట్టదలచినవాడు ఎదుటివానిని ఏమి అడుగవచ్చును, ఏమి అడుగరాదు? పైకి ఇది చిన్న ప్రశ్నవలె కనిపించును. అన్నదానము గొప్పదని ఒప్పుకొననివారు తెలుగునాట లేరు గనుక ఇందులో విచారింపదగినదేమున్నదని తోచును. కాని బియ్యపు బస్తాల ప్రక్కన నిలిచి, ఎదుట వరుస తీరిన కుటుంబములను చూచినవానికి దాని బరువు వెంటనే తెలియును. వరుసలో అరువది మంది ఉందురు. కట్టిన సంచులు నలుబది ఉండును. ఎవరికి ఈయవలెను? ఎవరిని వట్టిచేతులతో పంపవలెను? పంపునప్పుడు ఏ మాట చెప్పి పంపవలెను?

హైదరాబాదునకు ఉత్తరమున ఉన్న గండిమైసమ్మ కూడలి ఇట్టి ప్రశ్నలు పుట్టెడి చోటు. గండి యనగా నీరు కట్టను తెంచుకొని పోయిన చోటు. మైసమ్మ చెరువు కట్టలను కాచెడి తల్లి యని తెలంగాణ పల్లెల విశ్వాసము. నేడు అచ్చట ప్రవహించునది జనము. ఒక దారి మేడ్చల్‌కు, ఒకటి దుండిగల్ మీదుగా నర్సాపూర్‌కు, మరియొకటి బహదూర్‌పల్లి మీదుగా జీడిమెట్ల పారిశ్రామికవాడ వైపునకు పోవును. 2016లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు దుండిగల్–గండిమైసమ్మ పేరుతో మండలమే ఏర్పడినది. చుట్టును కట్టడములు లేచుచున్నవి. గోదాములు, కర్మాగారములు పెరుగుచున్నవి. వానిలో పనిచేయువారు పాలమూరు, మెదక్ పల్లెలనుండి, ఒడిశా, బీహారు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములనుండి వచ్చినవారు. ఒడిశాలోని బలంగీర్ వైపునుండి కుటుంబములకు కుటుంబములు ముందుగా బయానా సొమ్ము పుచ్చుకొని తెలంగాణలోని ఇటుక బట్టీలకు వచ్చుట ఏండ్ల తరబడి జరుగుచున్నది.

వీరు సోమరులు కారు. ఈ మాట మొదటనే చెప్పవలసి యున్నది. ఏలననగా ఆకలిని గూర్చి మాటలాడునప్పుడు కడుపు నిండినవారి నోట మొదట వచ్చునది సోమరితనపు మాటయే. రెండు దినములు వాన కురిసి పని నిలిచినచో మూడవ దినమున వీరి పొయ్యి వెలుగదు. మేస్త్రీ పదునైదు దినముల కూలి నిలిపి ఉంచినచో కిరాణా కొట్టులో ఖాతా పెరుగును. ఖాతా పెరిగినచో కొట్టువాడు ముందు పప్పు మాన్పించును, తరువాత నూనె. 2023లో దుండిగల్ ప్రాంతమున ప్రభుత్వము పేద కుటుంబములకు రెండు పడకగదుల ఇండ్లను అప్పగించినది. అది మంచి పని. కాని నగరపు నడిబొడ్డున నాలుగిండ్లలో పాచిపని చేసికొనుచుండిన తల్లికి ఇల్లు దొరికిన దినముననే ఆ నాలుగిండ్లు దూరమైనవి. బస్సు చార్జీ పోగా మిగులునదెంత? ఇట్టి ఆకలి వీధిలో చేయి చాపి కూర్చుండదు. తలుపు చేరవేసికొని, పొరుగువారికి తెలియకుండ పిల్లలకు గంజి పోసి పడుకొనబెట్టును.

ఈ కుటుంబములను ఆదుకొనుటకు స్థానిక ధర్మసంస్థలు, యువజన సంఘములు, కళాశాలల విద్యార్థులు, దేవాలయ, మసీదు, చర్చి సంఘములవారు పూనుకొనుట నగరపు శివార్లలో నేడు కొత్త సంగతి కాదు. బియ్యము, కందిపప్పు, నూనె, ఉప్పు, కారము సంచులలో కట్టి పంచుదురు. కొందరు వండిన అన్నమునే తెత్తురు. చిక్కు పంపకమువద్ద మొదలగును. కొందరు ఆధార్ కార్డు నకలు అడుగుదురు. కొందరు పేరు, ఊరు, ఇంటిలోని మనుషుల లెక్క వ్రాసికొని సంతకము పెట్టించుకొందురు. కొందరు సంచిని అందించుచు, పుచ్చుకొనువాని ముఖము కెమెరా వైపు త్రిప్పించి ఫోటో తీయింతురు.

పేర్లు వ్రాసికొనువారిని తొందరపడి నిందింపరాదు. వారి పక్షమున న్యాయము కొంత గలదు. ఒకే మనిషి రెండుమారులు వరుసలో నిలిచినచో వరుస చివరనున్న వితంతువు వట్టిచేతులతో పోవును. సొమ్మిచ్చిన దాతకు లెక్క చెప్పుట సేవకుని ధర్మము. అందుచేత పేరు వ్రాయుట తప్పు కాదు. ఏ వీధిలో ఎవరున్నారో, ఎవరి ఇంట పసిబిడ్డ యున్నదో తెలియుటకు ఆ పుస్తకము మరల పనికివచ్చును. కాని పత్రము లేనివానికి అన్నము లేదన్న క్షణమున పుస్తకపు స్వభావము మారిపోవును. అంతవరకు అది సేవకునికి జ్ఞాపకము. అటుపైన అది ఆకలిగొన్నవానిపై తీర్పు. ఇక ఫోటో సంగతి వేరు. దానివలన వరుసలో ఒక్క సంచియు పెరుగదు. పుచ్చుకొనువాని తల దిగుటయొక్కటే దాని ఫలము. దాతలకు నిదర్శనము కావలెనన్నచో కట్టిన సంచుల ఫోటో చాలును, దుకాణపు రసీదు చాలును.

అపాత్రునికి పోవునేమో యన్న భయము నేటిది కాదు. 1876–78 నాటి ధాత కరువులో బళ్ళారి, కర్నూలు, కడప సీమలు మాడిపోయినవి. సర్కారువారి సొమ్ము వృథా యగుచున్నదా యని చూచుటకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభమున, కరువు పనులలో మట్టి మోసెడి మగకూలీకి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి సొమ్ము చాలునని నిర్ణయించినాడు. పౌననగా అరకిలోకు తక్కువ. ఎక్కువ పెట్టినచో జనము సర్కారుపైననే ఆధారపడుదురని, అవసరము లేనివారును వచ్చి చేరుదురని ఆలోచన. అది మనిషిని నిలుపజాలని కొలత యని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించినాడు. కొన్ని నెలలకు ఆ కొలతను పెంచవలసి వచ్చినది. ఆ నడుమ పోయినవారు మాత్రము పోయినారు. టెంపుల్ క్రూరుడని చెప్పుట సులభము. అంతకు కొన్ని ఏండ్ల క్రితము, 1873–74లో, బీహారు కరువును విరివిగా సొమ్ము ఖర్చుపెట్టి ఆపినవాడును ఆయనయే. ఆ ఖర్చు ఎక్కువైనదని మాటలు పడినవాడును ఆయనయే. నింద పడిన చేయి రెండవమారు బిగిసినది. లెక్క చెప్పవలసినవాని భయము ఆకలిగొన్నవాని కంచములోనికి ఎట్లు దిగునో ఈ వృత్తాంతము చూపుచున్నది.

దీనికి ఎదురైన దృశ్యమును 2020లో మేడ్చల్ రహదారి చూచినది. ఆ మార్చి చివర దేశమంతట పనులు నిలిచిపోయినవి. తెలంగాణ ప్రభుత్వము వలస కార్మికులకు మనిషికి 12 కిలోల బియ్యమో పిండియో, 500 రూపాయలు ప్రకటించినది. జాబితా ఎంత జాగ్రత్తగా వ్రాసినను దానికి అందనివారు ఉందురు. అందిన బియ్యము తరిగిపోయినవారును ఉందురు. ఏప్రిల్, మే నెలల ఎండలో నలుబదినాలుగవ నెంబరు జాతీయ రహదారి వెంట, మేడ్చల్, తూప్రాన్‌ల మీదుగా ఉత్తరమునకు జనము కాలినడకన బయలుదేరినారు. పిల్లలను భుజముపై ఎత్తుకొని, మూటలు నెత్తిన పెట్టుకొని నడచినారు. దారి పొడవున స్వచ్ఛంద సేవకులు అన్నము, మజ్జిగ, నీరు పెట్టినారు. చెప్పులు తెగినవారికి చెప్పులు ఇచ్చినారు. నడచుచున్నవానిని కార్డు చూపుమని అడుగుటకు ఎవరికిని నోరు రాలేదు. వాని కాలి బొబ్బలే పత్రము. అప్పుడు ఎవరైన ఇద్దరి అన్నము ఒక్కరే తినియుందురా? తినియుండవచ్చును. దానివలన ఎవరికిని నష్టము కలిగినట్లు తోచదు.

దానము, దాసోహము అను రెండు మాటలకు గల భేదము ఇచ్చట స్పష్టమగును. దానము చేయువాడు పాత్రుని వెదకును. దేశము, కాలము, పాత్రము చూచి ఈయవలెనని ధర్మశాస్త్రములు చెప్పినవి. దాసోహమన్నవాడు “నేను దాసుడను” అని ముందుగా తన పాత్రతనే ప్రశ్నించుకొనును. పరీక్షకు నిలుచువాడు ఇచ్చువాడేగాని పుచ్చుకొనువాడు కాడు. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు నిలిపిన ఈ ఆలోచనపై ఒక ఆక్షేపణ గలదు. ఆనాటి దాసోహము జంగమారాధనయే కదా, ఆకలిగొన్న ప్రతివాడు జంగముడెట్లగును అని. జంగమమనగా కదలునది గనుక రహదారిపై నడచిన కూలీయు జంగముడే యని చమత్కరింపవచ్చును. కాని పదములతో చమత్కారము వాదము కాజాలదు. దేహమే దేవాలయమని నమ్మినవారికి ఆకలిగొన్న దేహము మూతబడిన గుడి. దాని తలుపు తీయుటకు లోపలి దేవుని కులగోత్రములు అడుగనక్కరలేదు. వాదము ఇంతవరకు చాలును.

ఇంతకంటె కష్టమైన సంగతి ఇచ్చువాని మంచితనమునకు సంబంధించినది. కట్టెలు కొట్టి అమ్ముకొని బ్రతికిన మోళిగె మారయ్య కథ శైవ కుటుంబములకు క్రొత్త కాదు. చెప్పెడి తీరులలో భేదములున్నను సారమిది. ఆయన ఇంటి అంబలి అమృతమని జంగములు చెప్పగా విని, బసవేశ్వరుడు వేషము మార్చుకొని, మారయ్య లేని వేళ ఆ ఇంటికి పోయి, ఆయన భార్య మహాదేవి పోసిన అంబలి త్రాగినాడు. ఆ ఇంటి పేదరికము చూచి మనసు కరగి, చెప్పకుండ ధనపు మూటలు అచ్చట దాచి వచ్చినాడు. మారయ్య వచ్చి చూచినాడు, సంతోషింపలేదు. ఆ ధనమును జంగములకు పంచివేసినాడు. తన కాయకముతో ఇల్లు నడుపుకొనుచు, వచ్చినవారికి అంబలి పోయగలిగిన మనిషిని బసవేశ్వరుని దయ ఒక్క క్షణములో బీదవానిగా చేసినది. అది రహస్యముగా చేసిన దానము, డప్పు లేదు, ఫోటో లేదు. ఐనను అది మారయ్యను నొప్పించినది. ఇచ్చిన వస్తువు మంచిదే, ఇచ్చిన మనసు మంచిదే. అడుగవలసిన ప్రశ్న యొక్కటి అడుగబడలేదు: “నీకు ఏమి కావలెను?”

గండిమైసమ్మ వంటి చోట ఈ ప్రశ్న అడిగిన సేవకునికి విచిత్రమైన జవాబులు వచ్చును. నలుగురు మగవారు ఒక రేకుల గదిలో ఉండి, గ్యాసు పొయ్యి లేనప్పుడు పది కిలోల బియ్యము వారికి ఏమి చేయుటకు? వారికి వండిన అన్నము కావలెను. పసిబిడ్డ గల తల్లికి బియ్యముకంటె పాలు, గ్రుడ్లు, పప్పు ముఖ్యము. తెలంగాణ వరి పండించెడి నేల. 2025 ఉగాదినుండి చౌకదుకాణములలో కార్డుదారులకు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యము ఉచితముగా ఈయబడుచున్నది. ఐనను 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ రాష్ట్రమున ఐదేండ్లలోపు పిల్లలలో 33 శాతము మంది వయస్సుకు తగిన ఎత్తు లేరని, చిన్నపిల్లలలో 70 శాతము మందికి రక్తహీనత గలదని తేలినది. కడుపు నిండుట వేరు, ఒడలు నిలుచుట వేరు. లింగాయత కుటుంబములలో గ్రుడ్డు మాట కొందరికి రుచింపకపోవచ్చును. అట్టివారు పాలు, పల్లీలు, పెసలు ఈయవచ్చును గాని, ఇతరుల బిడ్డ ఏమి తినవలెనో నిర్ణయించుటకు దాతకు అధికారము లేదు.

మరికొందరికి కావలసినది సంచి కానే కాదు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నడుమ మొదలై, తరువాత దేశమంతటికి వ్యాపించిన “ఒకే దేశము, ఒకే రేషన్ కార్డు” పద్ధతి చొప్పున బలంగీర్ కార్డుతో మేడ్చల్‌లో బియ్యము తీసికొనవచ్చును. కుటుంబములో సగము మంది ఇచ్చట, సగము మంది స్వగ్రామమున ఉన్నచో రెండు చోట్లను పంచుకొని తీసికొనవచ్చును. ఈ సంగతి తెలియనివారు చాలమంది గలరు. తెలిసినను దుకాణదారునితో మాటలాడుటకు భాష రాదు. కంకర, సిమెంటు పట్టిన చేతులలో గీతలు అరిగిపోయి యంత్రము వ్రేలిముద్రను గుర్తింపదు. అట్టివానివెంట దుకాణమునకు పోయి, ఒక గంట నిలిచి, వాని బియ్యము వానికి ఇప్పించిన యువకుడు ఏమియు ఈయలేదు. దాతల పట్టికలో వాని పేరు ఎక్కదు. ఐనను నెలనెల నడచెడి మార్గము తెరచినాడు. మారయ్య తిరస్కరింపజాలని సహాయము బహుశః ఇట్టిదే.

2014లో హైదరాబాదు నగరపాలక సంస్థ హరేకృష్ణ సంస్థతో కలిసి ప్రారంభించిన ఐదు రూపాయల భోజనములోని వివేకమును ఈ సందర్భమున గమనింపవలెను. అన్నము, పప్పు లేక సాంబారు, పచ్చడి. ఏ కార్డును అడుగరు. ఆ ఐదు రూపాయలతో వంట ఖర్చు తీరదు. తీరునది తినువాని సంకోచము. కూలీయు విద్యార్థియు, ఆసుపత్రికి వచ్చిన రోగి బంధువును ఒకే వరుసలో కొనుక్కొని తిందురు. ఎవరు బీదవారో పైకి తెలియదు.

నిత్యత్వము మరియొక కష్టము. బసవ జయంతినాడు, మహాశివరాత్రి మరునాడు, పుట్టినరోజులనాడు సేవకులు కోకొల్లలు. ఒకే వీధిలో మూడు సంఘములు పులిహోర పంచగా విస్తళ్ళలో మిగిలిపోవుటయు గలదు. ఆషాఢపు ముసురులో, నెల చివరి వారములో, కిరాణా ఖాతా మూతబడినప్పుడు వచ్చువారు తక్కువ. ఆకలి పంచాంగము చూచి రాదు. తుమకూరు సిద్ధగంగా మఠమునకు 1941నుండి అధిపతియై, 2019లో నూట పదకొండవ ఏట లింగైక్యము చెందిన శివకుమార స్వామివారి ఘనత అన్నమును పెద్దగా పెట్టుటలోకంటె మానకుండ పెట్టుటలో ఉన్నది. కులమతములు చూడక ఎనిమిది వేలకు పైబడిన పిల్లలకు అన్నము, అక్షరము, ఆశ్రయము ప్రతిదినము అందినవి. చుట్టుప్రక్కల రైతులు పంట చేతికి రాగానే మఠమునకు ధాన్యము తెచ్చి పోయుట అలవాటుగా మారినది. అన్ని మఠములు సిద్ధగంగ కాజాలవు. వారమునకు ఒక దినము, ఒక వీధి, ఇరువది ఇండ్లు, ఏడాది పొడుగున తప్పకుండ చూచెడి పది మంది గల సంఘము మాత్రము ఏ ఊరిలోనైనను సాధ్యమే.

చివరిదైన ప్రశ్నకు సుఖమైన జవాబు లేదు. ఏరిన బియ్యమే జీవికగా బ్రతికిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము తెచ్చినప్పుడు, ఆయన భార్య లక్కమ్మ ఆ మిగులును ఒప్పుకొనక, ఎచ్చటనుండి తెచ్చితివో అచ్చటనే పోసి రమ్మన్నది. దాసోహమునకు బియ్యము కావలెను. ఐనను ఏ బియ్యమైనను సరే యని ఆమె అనలేదు. కాయకమునుండి వచ్చినదే దాసోహమునకు తగును. ఐతే ఒక యజమాని తన వద్ద పనిచేయువారి కూలిని రెండు నెలలు నిలిపి ఉంచి, పండుగనాడు ఇరువది బస్తాల బియ్యము సేవాసంఘమునకు పంపినచో దానిని ఏమనవలెను? వరుసలో నిలిచి ఆ బియ్యము పుచ్చుకొనువారిలో వాని కూలీలే ఉన్నచో?

2020 ఏప్రిల్ 29న సంగారెడ్డి సమీపమున కంది వద్ద ఐఐటీ కట్టడములలో పనిచేయుచుండిన కార్మికులు ఆందోళనకు దిగినారు. బకాయి కూలి ఇప్పించుడని, ఇండ్లకు పంపుడని వారు కోరినది. రెండు దినములకు, మే 1న, లింగంపల్లినుండి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో దేశములోని మొదటి శ్రామిక రైలు కదలినది. వారిలో ఎక్కువమంది ఈ కందివారే. లాక్‌డౌను దినములలో అందరును అన్నమును గూర్చియే మాటలాడినారు. వారు అన్నముకంటె ముందుగా తాము చేసిన పనికి రావలసిన సొమ్మును అడిగినారు.

లక్కమ్మ మాటను అక్షరాల పాటించినచో ఆ ఇరువది బస్తాలను త్రిప్పి పంపవలెను. పంపినచో ఆ రాత్రి పస్తుండువారు లక్కమ్మవలె వ్రతము పట్టినవారు కారు, పసిపిల్లలు. కనుక బస్తాలను దింపుకొనక తప్పదు. దింపుకొనునప్పుడు యజమాని మెడలో దండ వేయనక్కరలేదు, వేదికపై కుర్చీ వేయనక్కరలేదు. లారీవద్దనే నిలిచి, ఏ నెల కూలి ఎవరికి రావలసి యున్నదో నెమ్మదిగా అడుగవచ్చును. జవాబు రానిచో సంఘములోని చదువుకొన్న యువకుడొకడు కూలీలతోపాటు కార్మికశాఖ కార్యాలయమునకు పోయి అర్జీ వ్రాసి ఈయవచ్చును. అట్లు చేసిన సంఘమునకు మరుసటి ఏడు ఆ బస్తాలు రాకపోవచ్చును. ఆ నష్టమును భరించుటకు ఎందరు సిద్ధముగా ఉన్నారో, సంచులు కట్టుటకు కూర్చున్నప్పుడే తమలో తాము మాటలాడుకొనుట మేలు.